పెద్ద సైజు త్రీడీ ప్రింటింగ్‌ను పాత మిషన్లకు తోడుగా వాడుకోవడం ఎలా?

మీ వర్క్‌షాప్‌లో ఏ వస్తువు కోసం ఎక్కువ రోజులు ఎదురుచూస్తున్నారో ముందు ఒక కాగితం మీద రాయండి. చాలా చోట్ల ఆ జాబితాలో అమ్మే వస్తువు పేరు ఉండదు. దాన్ని తయారు చేయడానికి కావలసిన అచ్చు, ప్యాటర్న్ (అచ్చు తీయడానికి వాడే నమూనా), కోర్ బాక్స్ (పోత వస్తువు లోపలి ఖాళీ కోసం అచ్చులో పెట్టే ఇసుక ముక్కను, అంటే కోర్‌ను తయారు చేసే డబ్బా), జిగ్ (కోసే పనిముట్టుకు దారి చూపేది), ఫిక్చర్ (వస్తువును కదలకుండా పట్టి ఉంచేది) ఉంటాయి. పెద్ద త్రీడీ ప్రింటర్ అక్కరకొచ్చేది అక్కడే. మిల్లింగ్ మిషన్లనూ ఫౌండ్రీనీ మూలన పడేసి అన్నీ ప్రింటర్ మీదే తీద్దామనుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2016లో చేసిన పని చూడండి. బోయింగ్ 777ఎక్స్ విమానం రెక్కల తయారీ కోసం కార్బన్ ఫైబర్ కలిపిన ఏబీఎస్ ప్లాస్టిక్‌తో ఒక టూల్‌ను ప్రింట్ చేశారు. పొడవు 17.5 అడుగులు, వెడల్పు 5.5 అడుగులు, బరువు సుమారు 750 కిలోలు. ప్రింటింగ్‌కు పట్టింది దాదాపు 30 గంటలు. అక్కడ ప్రింట్ చేసింది రెక్కను కాదు, రెక్క అంచులు కోసేటప్పుడూ రంధ్రాలు వేసేటప్పుడూ దాన్ని పట్టి ఉంచే పనిముట్టును. మీరు వేయబోయే మొదటి అడుగు కూడా ఈ దారిలోనే ఉంటే మంచిది.

1. పనిని ఎంచుకోవడం

జాబితాలోని ఒక్కో పనిని ఈ ప్రశ్నలతో వడకట్టండి. ఎన్ని కావాలి? ఒకటి నుంచి పది లోపు అయితే ఉంచండి, వేలల్లో అయితే కొట్టేయండి. కనీసం ఒక వైపైనా మీటరు దాటుతుందా? దిమ్మెలోంచి చెక్కితే సగానికి పైగా సరుకు పొట్టుగా పోతుందా? డిజైన్ ఇంకా మారే అవకాశం ఉందా? ఈ మూడింటిలో రెండింటికి అవునని జవాబు వస్తే ఆ పని మీద ముందుకెళ్లొచ్చు.

చదునైన ప్లేట్లు, తిన్నని గొట్టాలు, సాదా బ్రాకెట్లు ప్రింటర్ జోలికి తేకండి. షీట్ కట్ చేసి వంచే మిషన్ నిమిషాల్లో చేసే పనికి గంటలు తగలేయడం దేనికి? రిలేటివిటీ స్పేస్ అనే రాకెట్ కంపెనీ కథ ఇక్కడ చెప్పుకోవాలి. 2023 మార్చిలో అది ప్రయోగించిన టెర్రాన్ 1 రాకెట్ బరువులో సుమారు 85 శాతం త్రీడీ ప్రింట్ చేసిన భాగాలే. తర్వాతి రాకెట్ టెర్రాన్ ఆర్ దగ్గరికి వచ్చేసరికి తిన్నగా ఉండే ట్యాంకు భాగాలకు మామూలు అల్యూమినియం తయారీ పద్ధతికి వెళ్లి, మెలికలున్న భాగాలకే ప్రింటింగ్‌ను ఉంచుకుంటామని ప్రకటించింది. నా లెక్కలో అది వెనకడుగు కాదు, అనుభవంతో వచ్చిన తెలివి.

2. మూడు దారుల్లో మీది ఏది?

పెద్ద సైజులో ప్రింట్ చేయడానికి ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి. మొదటిది ప్లాస్టిక్ పెల్లెట్లను, అంటే గింజలను, స్క్రూ ఎక్స్‌ట్రూడర్‌లో కరిగించి లావుపాటి తాడులా పొర మీద పొర పరచడం. ఆ తాడునే బీడ్ అంటారు. ఇంజెక్షన్ మోల్డింగ్‌లో వాడే రకం పెల్లెట్లే కాబట్టి చిన్న ప్రింటర్లలో వాడే ప్లాస్టిక్ తీగ (ఫిలమెంట్)తో పోలిస్తే ముడిసరుకు చాలా చవక. అచ్చులు, ఫిక్చర్లు, ఫైబర్‌గ్లాస్ పనికి ప్యాటర్న్‌లు కావాలంటే ఇదే దారి.

రెండోది వెల్డింగ్ తీగతో లోహాన్ని పేర్చడం, రోబో చేతికి వెల్డింగ్ టార్చ్ ఇచ్చినట్టు. మూడోది ఇసుక పొరల మీద బైండర్ (ఇసుకను అతికించే జిగురు) చల్లి, ప్యాటర్న్ లేకుండానే పోత అచ్చులు తీయడం. వోక్సెల్‌జెట్ కంపెనీ వీఎక్స్4000 మిషన్‌లో 4 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు వరకు ఇసుక అచ్చు తీయవచ్చు.

మీ పని పోతకు సంబంధించినదైతే ఇసుక దారిని తక్కువగా చూడకండి. మూడింటిలోనూ తక్కువ తలనొప్పి ఉన్నది అదేనని నా అభిప్రాయం. ఎందుకంటే ప్రింట్ అయ్యేది అచ్చు ఒక్కటే. అందులో పోసే లోహం మీ ఫౌండ్రీ ఏళ్ల తరబడి పోస్తున్నదే. కొత్త మెటీరియల్‌కు అనుమతులు, పరీక్షలు అంటూ మొదటి నుంచి తిరగాల్సిన పని ఉండదు. పైగా అచ్చు మొత్తాన్ని ప్రింట్ చేయనక్కర్లేదు. బయటి డబ్బాలను మామూలు ప్యాటర్న్‌తోనే కట్టి, నాలుగైదు ముక్కలుగా చేసి అతికించే మెలికల కోర్‌ను మాత్రం ఒకే ముక్కగా ప్రింట్ చేయించండి. పంపు కేసింగ్‌లు, వాల్వు బాడీల పనిలో కోర్ అతుకుల దగ్గర వచ్చే గీతలు, కొలతల తేడాలు దీంతో చాలావరకు పోతాయి. కోర్ చేతికి రాగానే లోపల ఇరుక్కున్న వదులు ఇసుకను గాలితో పూర్తిగా ఊదేయండి. వాయువులు బయటికి పోయే దారులను డిజైన్‌లోనే పెట్టించండి. బైండర్ కాలినప్పుడు వచ్చే గ్యాస్‌కు దారి లేకపోతే పోతలో బుడగలు ఖాయం.

ఇక్కడి నుంచి ఎక్కువగా పెల్లెట్ ప్రింటింగ్ గురించే చెప్తాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా వచ్చేదీ, ఎక్కువగా తడబడేదీ అందులోనే.

3. ముందు వేడి లెక్క, తర్వాతే మెటీరియల్

అచ్చును ఏ ఉష్ణోగ్రత దగ్గర వాడతారు? మెటీరియల్‌ను నిర్ణయించేది ఈ ఒక్క అంకె. ఏబీఎస్ సుమారు 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది, కాబట్టి గది వేడిలో గట్టిపడే రెజిన్‌కూ, డ్రిల్లింగ్ ఫిక్చర్లకూ సరిపోతుంది. పాలీకార్బొనేట్ 147 డిగ్రీల దాకా నిలబడుతుంది. 177 డిగ్రీల ఆటోక్లేవ్‌లోకి (ఒత్తిడితో వేడిచేసే పెద్ద ఓవెన్‌లోకి) వెళ్లే అచ్చుకు పీఈఐ లేదా పీఈఎస్‌యూ లాంటి ఖరీదైన ప్లాస్టిక్కే కావాలి. మెత్తబడే అంకెకూ మీరు వాడే వేడికీ మధ్య 20 నుంచి 30 డిగ్రీల దూరం ఉంచుకోండి.

తర్వాత వ్యాకోచం. 3 మీటర్ల అచ్చు 20 డిగ్రీల నుంచి 120 డిగ్రీలకు వేడెక్కిందనుకుందాం. అల్యూమినియం అయితే ప్రతి డిగ్రీకి మీటరుకు 23 మైక్రాన్లు సాగుతుంది. అంటే మొత్తం 6.9 మిల్లీమీటర్లు. స్టీల్ అయితే సుమారు 3.6. ఇన్వార్ (చాలా తక్కువగా సాగే నికెల్, ఇనుము మిశ్రమం) అయితే అర మిల్లీమీటరు లోపే. ఆ అచ్చు మీద గట్టిపడే కార్బన్ ఫైబర్ ప్యానెల్ మిల్లీమీటరు కూడా సాగకపోవచ్చు. అచ్చుకూ ప్యానెల్‌కూ మధ్య వచ్చే ఈ తేడాను డిజైన్‌లోనే సర్దుబాటు చేయాలి.

ప్రింట్ చేసిన ప్లాస్టిక్ విషయంలో ఇంకో మెలిక ఉంది. ఫైబర్ కలపని ఏబీఎస్ అల్యూమినియం కన్నా మూడు నాలుగు రెట్లు ఎక్కువ సాగుతుంది. 20 శాతం కార్బన్ ఫైబర్ ముక్కలు కలిపితే బాగా తగ్గుతుంది. కానీ తగ్గేది బీడ్ సాగే దిశలోనే. నాజిల్‌లోంచి వచ్చేటప్పుడు ఫైబర్ ముక్కలన్నీ ఒకే వైపుకు తిరుగుతాయి, చెక్కలో నార ఉన్నట్టు. నార వెంట ఒక గుణం, అడ్డంగా ఇంకో గుణం. పొరల ఎత్తు దిశలో వ్యాకోచం చాలా ఎక్కువ, బలం బాగా తక్కువ. అందుకే సప్లయర్ ఇచ్చిన డేటాషీట్‌లో ఒకే వ్యాకోచం అంకె ఉంటే దాన్ని నమ్మి ముందుకెళ్లకండి. మూడు దిశల్లోనూ కొలిచిన అంకెలు అడగండి. ఇవ్వలేకపోతే అదే మెటీరియల్‌తో ఒక దిమ్మె ప్రింట్ చేయించి, మూడు వైపుల నుంచీ ముక్కలు కోసి పరీక్షకు పంపండి. కొలత ముఖ్యమైన దిశ బీడ్ వెంట ఉండేలా అచ్చును పడుకోబెట్టడం డిజైనర్ మొదటి పని.

4. డిజైన్‌ను బీడ్‌కు తగ్గట్టు మార్చడం

మిల్లింగ్ కోసం గీసిన త్రీడీ ఫైలును యథాతథంగా ప్రింటర్‌కు ఇస్తే పని చెడుతుంది. 20 మిల్లీమీటర్ల బీడ్ వేసే మిషన్‌కు 27 మిల్లీమీటర్ల గోడ ఇస్తే ఏం చేస్తుంది? ఒక బీడ్ చాలదు, రెండు పట్టవు. మధ్యలో ఖాళీ వదిలేస్తుంది, లేకపోతే ఉబ్బెత్తుగా కుక్కుతుంది. గోడ మందం బీడ్ వెడల్పుకు గుణిజంగా ఉండాలి. పక్కపక్క బీడ్‌లు కాస్త ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి కాబట్టి రెండు బీడ్‌ల గోడ 40 కన్నా కొంచెం తక్కువే వస్తుంది. ఎంత తక్కువో మీ మిషన్ మీద ఒక చిన్న గోడ ప్రింట్ చేసి కొలవండి.

పొర మొత్తం ఆగకుండా ఒకే గీతగా సాగే దారి గీయండి. ఈ సైజు నాజిల్ ఆగిన ప్రతిచోటా కరిగిన ప్లాస్టిక్ కారుతుంది. మొదలైన చోట, ముగిసిన చోట అతుకు పడుతుంది. ఆ అతుకులను అచ్చు ముఖం మీద కాకుండా వెనక గోడ మీదికి తోసేయండి. లోపలి మూలలకు గుండ్రదనం ఇవ్వండి. వాలు గోడలు నిలువు నుంచి 45 డిగ్రీలు దాటకుండా చూడండి. దాటక తప్పకపోతే వస్తువును తిప్పి ప్రింట్ చేయండి, లేదా రెండు ముక్కలుగా చేసి పిన్నులు, బోల్టులతో కలపండి.

పని చేసే ముఖం మీద మిల్లింగ్ కోసం అదనపు మందం వదలాలి. 5 మిల్లీమీటర్ల ఎత్తున్న పొరలకు 4 నుంచి 6 మిల్లీమీటర్లు వదిలితే బీడ్‌ల మధ్య గాడులు పోయేదాకా చెక్కడానికి వీలుంటుంది. కక్కుర్తి పడి 2 వదిలారా, చెక్కాక కూడా బీడ్ చారలు కనిపిస్తూనే ఉంటాయి. మరీ ఎక్కువ వదిలితే చెక్కేటప్పుడు గోడ పలచబడి బీడ్‌లోపలి ఖాళీలు బయటపడతాయి. మిల్లింగ్ మిషన్ మీద బిగించడానికి చదునైన పాదాలు, కొలతలు మొదలుపెట్టడానికి రిఫరెన్స్ బిందువులు కూడా ఇప్పుడే డిజైన్‌లో చేర్చండి.

5. పొర సమయం లెక్క కట్టడం

పెద్ద ప్రింటింగ్‌లో గెలుపోటములు చాలావరకు ఈ లెక్క మీదే ఆధారపడి ఉంటాయి. కొత్త పొర పడేసరికి కింది పొర ఇంకా మెత్తబడే ఉష్ణోగ్రతకు పైనే ఉండాలి. అప్పుడే రెండూ కలిసిపోతాయి. మరీ వేడిగా ఉంటే బరువుకు కుంగిపోతుంది. చల్లారిపోతే అంటుకున్నట్టే కనిపించి తర్వాత పొరలుగా ఊడుతుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. బీడ్ 20 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల ఎత్తు. ఎక్స్‌ట్రూడర్ గంటకు 30 కిలోలు తోస్తుంది. ప్లాస్టిక్ సాంద్రత ఘనమీటరుకు సుమారు 1,100 కిలోలు. అంటే నాజిల్ నిమిషానికి సుమారు 4.5 మీటర్ల బీడ్ వేస్తుంది. మీ అచ్చులో ఒక్కో పొరకు 18 మీటర్ల బీడ్ ఉంటే పొరకు 4 నిమిషాలు. ఎత్తు 1.2 మీటర్లు అయితే 240 పొరలు, 16 గంటలు, దాదాపు 475 కిలోల ప్లాస్టిక్.

ఆ 4 నిమిషాల్లో కింది పొర ఎంతకు చల్లారుతుంది? లెక్క చెప్పదు, థర్మల్ కెమెరా చెప్తుంది. ముందు ఓ అడుగు ఎత్తు గోడను అదే వేగంతో ప్రింట్ చేసి, కొత్త బీడ్ పడే క్షణంలో దాని కింది పొర ఉష్ణోగ్రత చూడండి. ఏబీఎస్‌కు అది 105 కిందకు జారుతుంటే పొర దారి తగ్గించాలి, లేదా పొర పడే ముందు కింది పొరను ఇన్‌ఫ్రారెడ్ లైట్లతో వేడెక్కించాలి. మరీ వేడిగా ఉంటే ఇంకో వస్తువును పక్కనే పెట్టి రెండూ కలిపి ప్రింట్ చేయడం సులువైన ఉపాయం. ఒకదాని మీద పొర పడుతుండగా రెండోది చల్లారుతుంది. పైకి వెళ్లేకొద్దీ సన్నబడే ఆకారాల్లో పొర సమయం తగ్గిపోతూ ఉంటుందని మరిచిపోకండి. కింద బాగానే వచ్చింది, పైన మాత్రం మైనంలా ఒరిగింది అని వాపోయేవాళ్ల కథ చాలావరకు ఇదే.

6. ప్రింట్ రోజు

పెల్లెట్లను ఆరబెట్టకుండా మిషన్ హాపర్‌లో (సరుకు పోసే గరాటులో) పోయకండి. ఏబీఎస్‌కు 80 డిగ్రీల్లో 2 నుంచి 4 గంటలు, పాలీకార్బొనేట్‌కు 120 డిగ్రీల్లో 3, 4 గంటలు పడతాయి. తేమ ఉంటే బీడ్‌లో బుడగలు వస్తాయి, నాజిల్ దగ్గర చిటపటలు వినిపిస్తాయి. డ్రైయర్ సామర్థ్యం ప్రింటర్ తినే వేగానికి సరిపోతుందో లేదో ముందే చూసుకోండి. గంటకు 30 కిలోలు తినే మిషన్‌కు 4 గంటలు ఆరబెట్టాలంటే డ్రైయర్‌లో ఎప్పుడూ కనీసం 120 కిలోలు ఉండాలి.

మొదటి పొర బల్లను గట్టిగా పట్టుకోవాలి. చల్లారే ప్లాస్టిక్ ముడుచుకుంటూ మూలలను పైకి లాగుతుంది. చెక్క బోర్డు మీద అదే ప్లాస్టిక్ పెల్లెట్లను జిగురుతో అంటించి, ఆ గరుకు మీద ప్రింట్ చేయడం చాలామంది పాటించే పద్ధతి. పని అయ్యాక బోర్డును కిందినుంచి విడదీయొచ్చు.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది మధ్యలో ఆగిపోవడం. పది నిమిషాలు ఆగినా ఆ పొర చల్లారి, అక్కడ అతుకు బలహీనమవుతుంది. కరెంటు బ్యాకప్, నిండా సరుకు, రాత్రి షిఫ్టుకు మనిషి, ఈ మూడూ సిద్ధం కాకుండా బటన్ నొక్కకండి. ఎన్ని నిమిషాలు ఆగితే మళ్లీ కొనసాగించాలి, ఎన్ని దాటితే పారేయాలి అన్నది కూడా ముందే రాసిపెట్టుకోండి. అర్ధరాత్రి నిద్రకళ్లతో తీసుకునే నిర్ణయాలు ఎప్పుడూ 'కానిద్దాం' అనే వైపే మొగ్గుతాయి.

7. మళ్లీ పాత మిషన్ దగ్గరికే

ప్రింటర్ అమ్మేవాళ్ల వీడియోల్లో నాజిల్ గబగబా తిరుగుతుంది. ఆ తర్వాతి మిల్లింగ్ భాగాన్ని పెద్దగా చూపించరు. 2014లో షికాగో మిషన్ టూల్ ప్రదర్శనలో లోకల్ మోటార్స్ వాళ్ల స్ట్రాటి కారు 44 గంటల్లో ప్రింట్ అయిందని చాలామందికి తెలుసు. ప్రింట్ అయిన బాడీని మిల్లింగ్ చేయాల్సి వచ్చిందనీ, మోటారు, బ్యాటరీ, చక్రాలు, వైరింగ్ మామూలుగా తయారైనవేననీ గుర్తున్నవాళ్లు తక్కువ.

వస్తువు లోపలిదాకా చల్లారే వరకు మిల్లింగ్‌కు ఎక్కించకండి. మందం ఉన్నవాటిని రాత్రంతా వదిలేయండి. వేడిలో వాడే అచ్చు అయితే, వాడే ఉష్ణోగ్రత దాకా ఒకసారి నెమ్మదిగా వేడెక్కించి నెమ్మదిగా చల్లార్చి, ఆ తర్వాతే చివరి మిల్లింగ్ చేయండి. లోపల దాగిన ఒత్తిళ్లు ముందే సడలిపోతాయి. తర్వాత త్రీడీ స్కాన్ తీసి, డిజైన్ ఫైలు మీద పరిచి, అన్నిచోట్లా చెక్కడానికి సరిపడా మందం ఉందో లేదో చూడండి. ఒక మూల తక్కువైతే రిఫరెన్స్‌ను ఒకట్రెండు మిల్లీమీటర్లు జరిపి సర్దొచ్చు. మిషన్ సగం చెక్కాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కార్బన్ ఫైబర్ దుమ్ము కరెంటును ప్రవహింపజేస్తుంది. అది కంట్రోల్ ప్యానెల్‌లోకి చేరితే షార్ట్ అవుతుంది. కటింగ్ దగ్గరే దుమ్ము పీల్చే ఏర్పాటు, ప్యానెల్ తలుపులకు సీలు, మనుషులకు మాస్కు తప్పనిసరి.

చెక్కిన ముఖం మీద చిన్న చిన్న రంధ్రాలు బయటపడతాయి. వాటిని ఎపాక్సీ పుట్టీతో పూడ్చి, సీలర్ పూత వేసి, సానబెట్టండి. వాక్యూమ్‌తో పనిచేసే అచ్చు అయితే ఇప్పుడే దాని మీద గాలి చొరబడని ప్లాస్టిక్ బ్యాగు కట్టి గాలి లాగి, వాల్వు మూసి, గేజ్ ముల్లు ఎంతసేపు నిలబడుతుందో చూడండి. ముల్లు జారితే లీకు బ్యాగుదా, అచ్చుదా అని తేల్చడానికి ఒక గాజు పలక మీద అదే బ్యాగు కట్టి పోల్చండి.

8. లోహం పని అయితే

తీగ వెల్డింగ్ పద్ధతికి సరిగ్గా సరిపోయేది మీరిప్పటికే ఫోర్జింగ్‌గానో దిమ్మెగానో తెప్పించి, ఎక్కువ భాగం పొట్టు చేసి పారేస్తున్న వస్తువు. విమానాల టైటానియం భాగాల్లో కొన్నిచోట్ల 10 కిలోలు కొని 1 కిలో మాత్రమే వాడటం మామూలే. మొత్తం ప్రింట్ చేయకుండా, సాదా ప్లేట్ మీద పైకి లేచే చెవులు, పక్కటెముకలు మాత్రమే వెల్డింగ్‌తో పేర్చి తర్వాత మిల్లింగ్ చేయించండి. ప్లేట్ వంగకుండా ఉండాలంటే రెండు ముఖాల మీదా మార్చి మార్చి పొరలు వేయించండి. ప్లేట్‌లో అక్కర్లేని భాగాన్ని కోసి తీసేసే ముందే ఒత్తిడి సడలించే హీట్ ట్రీట్‌మెంట్ పూర్తి కావాలి.

2017లో రోటర్‌డామ్‌లో ర్యామ్‌ల్యాబ్, దాని భాగస్వాములు ఇలాగే 1.35 మీటర్ల వ్యాసం ఉన్న ఓడ ప్రొపెల్లర్‌ను నికెల్ అల్యూమినియం కంచుతో పేర్చి, మిల్లింగ్ చేసి, ఓడలను తనిఖీ చేసే బ్యూరో వెరిటాస్ సంస్థ ధ్రువీకరణ తెచ్చుకున్నారు. అలాంటి ధ్రువీకరణ మీకూ అవసరమైతే, అదే తీగతో, అదే వేగంతో పేర్చిన అదనపు దిమ్మెలను పరీక్షల కోసం మొదటి ఆర్డరులోనే చేర్చండి.

9. ఖర్చు బేరీజు

కిలో ప్లాస్టిక్ ధరను కిలో అల్యూమినియం ధరతో పోల్చి సంబరపడకండి. డిజైన్ మార్చిన గంటలు, ఆరబెట్టడం, ప్రింటింగ్, మిల్లింగ్, సీలింగ్, ఒక ప్రింట్ చెడిపోయే అవకాశం, అన్నీ కలిపిన అంకెను పాత పద్ధతి అంకె పక్కన పెట్టండి. దాని కింద ఇంకో వరుసలో ఎన్ని వారాలు ముందుగా చేతికొస్తుందో రాయండి. చాలాసార్లు మొదటి వరుసలో రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి, తేలేది రెండో వరుసలోనే.

ప్లాస్టిక్ అచ్చును స్టీల్ అచ్చులా వేలసార్లు వాడితే తట్టుకోదు. కాబట్టి అంచెలుగా ఆలోచించండి. ముందు ప్రింట్ అచ్చుతో ఉత్పత్తి మొదలుపెట్టి, మొదటి కొన్ని వస్తువులు వాడి చూసి, డిజైన్‌లో మార్పులు పూర్తయ్యాక లోహపు అచ్చుకు ఆర్డర్ ఇవ్వండి. ఖరీదైన అచ్చు వచ్చాక దాన్ని వెల్డింగ్ చేసి సరిదిద్దే తిప్పలు తప్పుతాయి.

పని తీరిన ప్రింట్ అచ్చును పారేయనక్కర్లేదు. పూతలు గీకేసి, గ్రైండర్‌లో వేసి, కొత్త పెల్లెట్లలో కొంత శాతం కలుపుకోవచ్చు. తిరిగి నలిగినప్పుడల్లా ఫైబర్ ముక్కలు ఇంకా పొట్టివవుతాయి, గట్టిదనం తగ్గుతుంది, వ్యాకోచం మారుతుంది. అందుకే ఆ సరుకును కొలత ముఖ్యమైన అచ్చులకు కాకుండా స్టాండ్లు, రవాణా ఫ్రేములు, టెస్ట్ గోడలకు కేటాయించి, సంచి మీద ఎన్నోసారి గ్రైండ్ చేసిందో రాసిపెట్టండి.